చింపాంజీ పిల్లకు పుల్ల పట్టడం ఎవరు నేర్పుతారు?

వంశధార మాస్టారు
పలాస దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. మొన్న బుధవారం తొమ్మిదో తరగతిలో మాట మీద మాట వచ్చి చింపాంజీల దగ్గరికి వెళ్ళాం. 1960లో టాంజానియాలోని గోంబే అడవిలో చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ చూసిన దృశ్యం పిల్లలకు వర్ణించాను. ఆమె డేవిడ్ గ్రేబియర్డ్ అని పేరు పెట్టుకున్న మగ చింపాంజీ చెదలపుట్ట పక్కన కూర్చుని, గడ్డిపరకను కన్నంలోకి దూర్చి, దాన్ని కరిచి పట్టుకున్న చెదపురుగులతో సహా మెల్లగా బయటికి లాగి, పెదవులతో దూసుకుని తినేది. చింపాంజీలు సన్నని కొమ్మ విరిచి, ఆకులు దూసేసి, పుల్లను పనికి తగ్గట్టు తయారుచేసుకోవడం కూడా ఆమె చూసింది. పనిముట్టు చేసుకునేది మనిషి ఒక్కడేనని అంతవరకు పెద్దలు చెబుతూ వచ్చిన మాట ఆ పుల్లతో పోయిందని చెప్పాను.

ఒక అబ్బాయి "దానికెవరు నేర్పారండీ?" అని అడిగాడు. నేను ఆలోచించకుండా "వాళ్ళమ్మ నేర్పుతుంది" అనేశాను. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, "మాయమ్మ జీడిపప్పు పొట్టు తీస్తాది సార్. నాకు ఎవులూ నేర్పలేదు. పక్కన కూకుంటే వచ్చీసింది" అంది. తరగతి అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పానన్న సంగతి ఆ పిల్ల మాటతోనే నాకు అర్థమైంది.

తల్లి నేర్పుతుందా, పిల్ల చూసి నేర్చుకుంటుందా, లేక ఎవరికి వారే కనిపెట్టుకుంటారా? సోమవారం మళ్ళీ అదే తరగతి ఉంది. తెలిసినవారు చెప్పండి.

నాగావళి ఒడ్డు
గిజిగాడికి గూడు అల్లడం ఎవరు నేర్పారు? సాలీడుకు వల కట్టడం ఎవరు చూపించారు? పుట్టుకతో వచ్చే విద్య అది. చింపాంజీకి పుల్ల కూడా అంతేనని నా అభిప్రాయం.

విజయనగరం జంతుశాస్త్రం
నాగావళి ఒడ్డు గారి మాటతో నేను ఏకీభవించలేను. పుట్టుకతో వచ్చేదే అయితే చింపాంజీ అన్నది ఎక్కడున్నా అదే పని చేయాలి. అలా చేయడం లేదు. పశ్చిమాఫ్రికాలోని కోట్ డివార్, గినీ, లైబీరియా అడవుల్లో చింపాంజీలు గట్టి పిక్కలను బండ మీద పెట్టి రాతితోనో దుడ్డుకర్రతోనో పగలగొట్టుకుని తింటాయి. గోంబేలో అలా తినవు. చెదలను పుల్లతో పట్టే గుంపులు కొన్ని, పట్టనివి కొన్ని. వేర్వేరు అడవుల్లో ఏళ్ళ తరబడి చింపాంజీలను గమనించినవారంతా తమ లెక్కలు ఒకచోట చేర్చి 1999లో ఒక వ్యాసం ప్రచురించారు. ఒక గుంపులో మామూలుగా కనిపిస్తూ మరొక గుంపులో అసలే కనిపించని అలవాట్లు, వాతావరణ భేదం వల్ల అని కొట్టిపారేయడానికి వీల్లేనివి, 39 తేలాయి.

దీనికంటే గట్టి సాక్ష్యం మరొకటి ఉంది. గినీలో బోసూ అనే ఊరి పక్కన కొండ మీద ఉన్న చింపాంజీలు ఆయిల్‌పామ్ పిక్కలు పగలగొట్టడంలో ఆరితేరినవి. అక్కడికి సుమారు ఆరు కిలోమీటర్ల దూరంలో, నింబా కొండల్లోని సెరింగ్‌బారాలో ఉన్న గుంపుకు ఆ విద్య లేదు. పరిశోధకులు పిక్కలూ రాళ్ళూ తెచ్చి వాటి ముందు పెట్టి, కెమెరాలు కట్టి, నెలల తరబడి చూశారు. అవి వచ్చి చూసిపోయాయే తప్ప ఒక్కటి కూడా రాయి ఎత్తి కొట్టలేదు. 2022లో ఆ ఫలితం వచ్చింది. జాతి ఒకటే, చేతులు అవే, మెదడు అదే. లేనిదల్లా చేసి చూపేవారు.

నాగావళి ఒడ్డు
ఆరు కిలోమీటర్ల మాట ఆశ్చర్యంగా ఉంది. నా గిజిగాడిని వెనక్కి తీసుకుంటున్నాను.

ఉద్దానం గాలి
మాస్టారూ, మీ తరగతి అమ్మాయి జీడిపప్పు మాట ఎత్తింది కాబట్టి నేను రాయక తప్పదు. మా ఇంట్లో మూడు తరాలుగా జీడితోట ఉంది. జీడిపిక్క సంగతి తెలియనివారికి ముందుగా ఒక మాట చెప్పాలి. పిక్క పెంకులో రెండు పొరల మధ్య నల్లగా, చిక్కగా ఒక నూనె ఉంటుంది. అది తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. అందుకే పిక్కను ముందు ఉడికిస్తారు. కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకుంటారు. ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా మా అమ్మ వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగానే ఉండేవి.

ఇప్పుడు చూడండి. ఈ జీడిచెట్టు పుట్టిల్లు బ్రెజిల్. అక్కడి ఈశాన్య ప్రాంతంలో సెర్రా ద కాపివారా అనే రక్షిత వనంలో కాపుచిన్ కోతులు ఎండిన జీడిపిక్కను బండ మీద పెట్టి, రాయి ఎత్తి కొట్టి, ఆ నూనె ఒంటికి అంటకుండా పప్పు తీసుకుని తింటాయి. పరిశోధకులు ఆ బండల కింద తవ్వితే, పాతకాలపు కోతులు వాడిన రాళ్ళు, వాటి మీద జీడి మరకలతో సహా దొరికాయి. 2016లో వాటి వయసు సుమారు 700 ఏళ్ళని తేల్చారు. తర్వాత ఇంకా లోతుగా తవ్వి, 2019లో 3,000 ఏళ్ళ దాకా తీసుకువెళ్ళారు. పోర్చుగీసువాళ్ళు ఆ విత్తనాన్ని మన దేశానికి ఓడల్లో తేకముందే అక్కడ కోతులు పిక్క కొట్టుకుని తింటున్నాయి. పలాసకు పప్పు వల్ల పేరు వచ్చిందని మనం గర్వపడతాం. పిక్క కొట్టడంలో మనకంటే ముందువాళ్ళు వాళ్ళు.

గజపతినగరం రైతు
ఇవన్నీ వినడానికి బాగున్నాయి. నా రెండెకరాల మొక్కజొన్న మీద ఏటా కోతులు పడుతున్నాయి. కండె విరవడం, ఆకులు ఒలవడం, సగం కొరికి పారేయడం వాటికి వచ్చు. ఒక్కటి కూడా రాయి పట్టుకోవడం నేను చూడలేదు. అంత తెలివే ఉంటే మన కోతులకు ఎందుకు లేదు?

చీపురుపల్లి చిన్నోడు
రైతుగారూ, వాటికి రాయి పట్టడం కూడా వస్తే మీరు గట్టు మీద నిలబడలేరు. రాకపోవడమే మన అదృష్టం.

కళింగపట్నం
గజపతినగరం రైతు గారి ప్రశ్నకు జవాబు సముద్రానికి అవతలి ఒడ్డున ఉంది. మా తాతగారు యుద్ధానికి ముందు రంగూన్‌లో పని చేసి వచ్చినవారు. మన తీరం నుంచి అలా వెళ్ళిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి బర్మా పేరు వింటే నాకు చెవులు అటే తిరుగుతాయి. ఆ దేశపు దక్షిణ కొసన ఉన్న మెర్గుయి దీవుల్లో, ఆటు సమయంలో కోతులు రాళ్ళ మీదికి దిగి, చేతిలో రాయి పట్టుకుని, బండలకు అంటుకున్న ఆల్చిప్పలను పగలగొట్టి లోపలి మాంసం తింటున్నాయని, సముద్రతీర సర్వేలో ఉన్న ఆల్ఫ్రెడ్ కార్పెంటర్ అనే అధికారి 1887లోనే రాశాడు. ఆ మాటను లోకం దాదాపుగా మరచిపోయింది. 2004 సునామీ తర్వాత థాయ్‌లాండ్ పశ్చిమ తీరంలో నష్టం పరిశీలించడానికి వెళ్ళినవారికి అదే దృశ్యం మళ్ళీ కంటపడింది. అవి పొడుగుతోక మకాక్‌లు. మన పొలాల మీద పడేవి కూడా మకాక్‌లే. ప్రజాతి ఒకటే, జాతి వేరు.

కాబట్టి తెలివి లేకపోవడం కారణం కాదనుకుంటాను. ఆ దీవుల్లో తిండి గట్టి చిప్పలో ఉంది, పక్కనే రాళ్ళున్నాయి, చేసి చూపే పెద్దలున్నారు. మీ మొక్కజొన్న కండెకు గోళ్ళూ పళ్ళూ చాలు. రాయితో పనేముంది?

విజయనగరం జంతుశాస్త్రం
కళింగపట్నం గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మన కోతులు నేర్చుకోవనుకోవడం పొరపాటు. గుళ్ళ దగ్గర కళ్ళజోడు లాక్కుని, అరటిపండు ఇస్తేనే వదిలిపెట్టే కోతులను అందరం చూశాం. ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో ఉలువటు ఆలయం దగ్గర ఇదే బేరం మీద శాస్త్రీయంగా పరిశీలన జరిగింది. పిల్ల కోతులు చేతికందినదల్లా లాగేస్తాయి. పెద్దవైనకొద్దీ మనిషి దేనికి ఎక్కువగా కంగారుపడతాడో తెలుసుకుని, సరిగ్గా దాన్నే ఎంచుకుంటాయి. ఆ తెలివి రావడానికి వాటికి ఏళ్ళు పడుతుంది.

గజపతినగరం రైతు
ఆ ఏళ్ళు మా పంట మీదే గడిచినట్టున్నాయి. అయినా "పనేముంది" అన్న మాట నాకు నచ్చింది. అవసరం లేనిచోట విద్య పుట్టదు.

పొందూరు మనవరాలు
అవసరం ఒక్కటే చాలదండీ. నాకు తెలిసిన ఉదాహరణ చెబుతాను, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మా అమ్మమ్మ పొందూరులో నూలు వడికేది. అక్కడి సన్న ఖాదీకి పత్తిని శుభ్రం చేసే పనిముట్టు ఒక చేప దవడ. వాలుగ చేప దవడ ఎముకకు సూదికొసల్లాంటి సన్నని పళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. గింజ తీయని కొండపత్తిని కొంచెం కొంచెంగా దాని మీద దువ్వుతుంటే నలకలు రాలిపోయి, పోగులు ఒక దారికి వచ్చి, పట్టులా మెరుస్తాయి. అమ్మమ్మ ఎడమచేతి వేళ్ళ మధ్య పత్తి పట్టుకునే తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. గట్టిగా పట్టుకుంటే పోగు తెగుతుంది, వదులుగా పట్టుకుంటే ముద్దగా ఊడివస్తుంది. ఆ మధ్య పట్టు ఎంతో మాటల్లో చెప్పడానికి లేదు, ఆమె చెప్పనూ లేదు.

నాకు నాలుగైదేళ్ళప్పుడు ఆమె పక్కన చతికిలబడి కూర్చునేదాన్ని. ఆమె పారేసిన చెత్తపత్తి నా ఆట వస్తువు. పాతబడి పళ్ళు రాలిన దవడ ఒకటి గూట్లో ఉండేది. అది తీసుకుని చెత్తపత్తిని గీకేదాన్ని. ఏమీ వచ్చేది కాదు. ఆమె వద్దనలేదు, ఇలా చేయి అనీ అనలేదు. ఒక్కొక్కసారి నేను ఆమె చేతిలోని మంచి పత్తి లాక్కుంటే, ఊరుకుని, మరికొంత పత్తి తీసుకుని తన పని తాను చేసుకునేది. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి నా చేతికి పోగు వరస కుదిరింది. ఎప్పుడు కుదిరిందో మా ఇద్దరికీ తెలియదు.

నేను వైద్యశాస్త్రం చదువుకున్నానే గాని జంతుశాస్త్రం కాదు. తర్వాతెప్పుడో బోసూ చింపాంజీల వీడియో చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. తల్లి ఒక రాయి మీద పిక్క పెట్టి, మరొక రాయితో కొడుతుంది. పిల్ల ముఖం తల్లి చేతికి జానెడు దూరంలో పెట్టి కళ్ళార్పకుండా చూస్తుంది. పగిలిన పప్పును పిల్ల తీసుకుంటే తల్లి ఏమీ అనదు. పిల్ల రాయి మీద రాయి పెడుతుంది, పిక్కను చేత్తో తడుతుంది, పిక్క లేకుండానే రాయిని కొడుతుంది. ఏ ఒక్కటీ సరైన వరసలో ఉండదు. తల్లి దిద్దదు, కసరదు. అది అచ్చం మా అమ్మమ్మే.

విజయనగరం జంతుశాస్త్రం
పొందూరు మనవరాలు గారు రాసినదానికి బోసూలో దశాబ్దాల పాటు పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త తెత్సురో మాత్సుజావా పెట్టిన పేరు దాదాపుగా మన గురుశిష్య పద్ధతే. గురువు పని మానడు, శిష్యుడు పక్కన విడవడు, మధ్యలో మాట ఉండదు. ఆయన అడవిలోనే ఒకచోట రాళ్ళకు అంకెలు వేసి, పిక్కలతో కలిపి పేర్చి, గడ్డితెర వెనక నుంచి 1988 నుంచి ఏటా అవే చింపాంజీలను చూస్తూ వచ్చారు. పిక్క, కింది రాయి, పై రాయి, ఈ మూడింటినీ సరైన వరసలో కలపడం మూడేళ్ళ నుంచి అయిదేళ్ళ మధ్య కుదురుతుంది. ఆ వయసు దాటినా రాకపోతే ఇక రాదు. పెద్దవై కూడా ఆ విద్య లేకుండా ఉండిపోయినవి ఆ గుంపులో ఉన్నాయి.

బొబ్బిలి వీణ
నేను ఇక్కడ విభేదిస్తున్నాను. "తల్లి నేర్పదు, పిల్ల చూస్తుంది" అని తీర్పు ఇచ్చేస్తే అది పూర్తి నిజం కాదు. కోట్ డివార్‌లోని తాయి అడవిలో క్రిస్టోఫ్ బోష్ అనే శాస్త్రవేత్త చూసినది వేరు. అక్కడి తల్లులు తమ సుత్తిరాయిని, పగలగొట్టని పిక్కలను బండ దగ్గరే వదిలి పక్కకు వెళ్తాయి, పిల్ల వాడుకోవడానికి. పిల్ల లేని ఆడవి అలా వదలవు. ఒక సందర్భం మరీ స్పష్టమైనది. నీనా అనే పిల్ల వంకర ఆకారంలో ఉన్న సుత్తిని ఎలా పట్టుకోవాలో తెలియక అవస్థ పడుతుంటే తల్లి రిచీ వచ్చి, సుత్తి తీసుకుని, పిల్ల చూస్తుండగా దాన్ని చాలా నెమ్మదిగా, దాదాపు నిమిషం పాటు తిప్పి, సరైన వైపుకు తెచ్చి, కొన్ని పిక్కలు కొట్టి చూపించింది. తల్లి తప్పుకున్నాక పిల్ల సుత్తిని అదే పట్టులో పట్టుకుంది. నేర్పడం కాకపోతే అది మరేమిటి?

మా నాన్నగారు గొల్లపల్లిలో వీణలు చెక్కేవారి దగ్గర పనస దుంగ తొలిచే పని నేర్చుకున్నారు. ఏడాదంతా చూడనిచ్చిన గురువు ఒక్క రోజు వెనక నుంచి వచ్చి ఉలి మీద ఆయన బొటనవేలు జరిపారట. ఆ ఒక్క జరపడం లేకపోతే పని వచ్చేది కాదని నాన్నగారు చివరిదాకా చెప్పేవారు.

పొందూరు మనవరాలు
అది ఎంత అరుదైనదో మీరే చెప్పినట్టయింది. ఏడాదికి ఒక్క రోజు.

బొబ్బిలి వీణ
అరుదైనదే. అయినా ఉంది. మాస్టారు తరగతిలో "లేదు" అని చెప్పకూడదన్నదే నా పట్టు.

విజయనగరం జంతుశాస్త్రం
మీ ఇద్దరికీ మధ్య నిలబడవలసి వస్తోంది. నీనా సంఘటన లాంటివి బోష్ తన వ్యాసంలో రెండే చెప్పారు. అన్నేళ్ళ పరిశీలనలో రెండు. అందుకే చాలామంది దాన్ని ఒప్పుకోవడానికి తటపటాయించారు. కానీ 2016లో కాంగో గణతంత్రంలోని గూఆలూగో అడవి నుంచి వచ్చిన సాక్ష్యం గట్టిది. అక్కడ చెదలు పట్టడం గోంబేలో ఉన్నంత తేలిక కాదు. ఒక రకం మొక్క కాడే కావాలి. దాని కొసను పళ్ళతో నమిలి కుంచెలా చీల్చాలి, అప్పుడే చెదలు ఎక్కువగా పట్టుకుంటాయి. పిల్ల వచ్చి చేయి చాపితే తల్లి తన చేతిలోని పుల్లను ఇచ్చేస్తుంది. కొన్ని తల్లులు ముందే అదనపు పుల్లలు తెచ్చుకుంటాయి. కొన్ని ఉన్న పుల్లనే నిలువునా రెండుగా చీల్చి ఒక పాయ పిల్లకిచ్చి, రెండోది తాము వాడుకుంటాయి. పుల్ల ఇచ్చినందువల్ల తల్లికి దొరికే చెదలు తగ్గుతాయి, పిల్లకు పెరుగుతాయి. తనకు నష్టమైనా నేర్వని వాడికి లాభం చేకూర్చే పని చేస్తే దాన్ని బోధన అనవచ్చునని జంతుశాస్త్రంలో ఒప్పుకున్న కొలత. ఆ కొలతకు ఇది నిలుస్తుంది.

తర్వాత గోంబేతో పోల్చి చూస్తే, పని తేలికగా ఉన్న గోంబేలో తల్లులు పుల్ల ఇవ్వడం చాలా తక్కువ, పని కష్టమైన గూఆలూగోలో ఎక్కువ. నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే అనిపిస్తుంది. తల్లి నేర్పుతుందా లేదా అన్నది తల్లిని బట్టి మాత్రమే కాక పనిని బట్టి కూడా మారుతోంది.

ఉద్దానం గాలి
ఇది నూటికి నూరు పాళ్ళు నిజం. పప్పు మీది పొట్టు తీయడం మా అమ్మ ఎవరికీ నేర్పలేదు. పిక్క కోసే మిషను మాత్రం చేయి పట్టుకుని నేర్పింది, ఎందుకంటే అక్కడ తప్పు చేస్తే వేలు పోతుంది.

టెక్కలి తల్లి
ఒక్క మాట అడగాలి. మాస్టారు చెప్పిన అమ్మాయి జీడి బట్టీలో పని చేస్తోందా? పధ్నాలుగేళ్ళ పిల్లను పనిలో పెట్టడం గురించి మనం ఇంత మురిపెంగా మాట్లాడుకోవడం నాకు కొంచెం బాధగా ఉంది.

వంశధార మాస్టారు
మీరు అడగడం న్యాయం. నేనూ మొదట అదే వాకబు చేశాను. తల్లి పొట్టు తీయడానికి పప్పు ఇంటికి తెచ్చుకుంటుంది, అమ్మాయి సాయంత్రం పక్కన కూర్చుంటుంది. బడి ఒక్కరోజు కూడా మానలేదు. ఆ విషయంలో నా కన్ను ఉంటుంది.

టెక్కలి తల్లి
సంతోషం. అయితే నాకు ఇంకొక సందేహం. ఆడపిల్లలు తల్లి పక్కన కూర్చుని నేర్చుకుంటారు, మగపిల్లలు బయట పరుగెడతారు. మా ఇంట్లో పన్నెండేళ్ళ అబ్బాయికి ఉల్లిపాయ తరగడం రాదు, తొమ్మిదేళ్ళ అమ్మాయి కూర వండుతుంది. మేం ఇద్దరినీ ఒకేలా పెంచామనుకుంటున్నాం. చింపాంజీల్లోనూ ఈ తేడా ఉందా?

విజయనగరం జంతుశాస్త్రం
ఉంది, కొలిచి మరీ చూశారు. గోంబేలో ఎలిజబెత్ లాన్స్‌డార్ఫ్ అనే పరిశోధకురాలు చెదలపుట్టల దగ్గర తల్లీపిల్లలను నాలుగేళ్ళు చిత్రీకరించి, 2004లో ఫలితం ప్రకటించారు. కూతుళ్ళు సగటున 31 నెలల వయసుకే చెదలు పట్టడం నేర్చుకున్నాయి. కొడుకులకు 58 నెలలు పట్టింది. తల్లి పుల్లను ఎంత లోతుకు దించుతుందో కూతురూ అంతే దించుతుంది, కొడుకులకు ఆ పోలిక లేదు. తల్లులు ఇద్దరి పట్లా ఒకే తీరుగా ఉన్నాయి. తేడా పిల్లల్లోనే ఉంది. కూతుళ్ళు తల్లి చేతిని చూస్తూ కూర్చున్నాయి, కొడుకులు పుట్ట పక్కన దొర్లి ఆడుకున్నాయి.

టెక్కలి తల్లి
మగపిల్లలకు కూడా చివరికి వచ్చిందన్న మాటే నాకు కావలసింది. ఈ రోజు నుంచి మా అబ్బాయిని వంటింట్లో కూర్చోబెడతాను.

చీపురుపల్లి చిన్నోడు
నాకు వాట్సాప్‌లో ఒక కథ వచ్చింది. జపాన్‌లో ఒక దీవి మీద కోతి చిలగడదుంప కడుక్కోవడం మొదలుపెట్టిందట. నూరో కోతి నేర్చుకోగానే, సముద్రం అవతల ఉన్న వేరే దీవుల్లో కోతులకు కూడా ఎవరూ చూపించకుండానే ఆ విద్య వచ్చేసిందట. ఇది నిజమేనా?

కళింగపట్నం
మొదటి సగం నిజం, రెండో సగం కల్పన. కోషిమా అనే చిన్న దీవిలో 1953లో ఇమో అనే ఏడాదిన్నర ఆడపిల్ల ఇసుక అంటిన దుంపను నీళ్ళలో కడిగింది. ఆ తర్వాత జరిగినది ఏమిటో పేర్లతో సహా రాసిపెట్టారు. ముందు ఆమె తోటి ఆటగాళ్ళు, ఆమె తల్లి నేర్చుకున్నారు. తర్వాత ఏటా మరికొన్ని. నేర్చుకున్న ఆడకోతులకు పిల్లలు పుట్టాక ఆ పిల్లలకు తల్లి ఒడిలోనే వచ్చింది. ముసలి మగకోతులు మాత్రం చాలావరకు నేర్చుకోలేదు. అంతా చూపుతో, చెలిమితో, చుట్టరికంతో నడిచింది. నూరో కోతి మహిమ అందులో ఎక్కడా లేదు. దయచేసి ఆ సందేశాన్ని ముందుకు పంపకండి.

దుంప కడగడం పనిముట్టు వాడకం కాదన్నది నాకు తెలుసు. విద్య ఎవరి నుంచి ఎవరికి పాకుతుందో అంత స్పష్టంగా కనిపించిన సందర్భం కాబట్టి రాశాను.

నాగావళి ఒడ్డు
ఇంతకీ మొదటిది ఎవరు కనిపెట్టారు? అందరూ పక్కవాడిని చూసే నేర్చుకుంటే, మొదటివాడు ఎవరిని చూశాడు? కెనరీ దీవుల్లో ఒకటైన టెనెరిఫేలో, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర సుల్తాన్ అనే చింపాంజీ రెండు కర్రలను ఒకదానిలో ఒకటి దూర్చి అరటిపండు అందుకున్నదని మేము చదువుకున్నాం. దానికెవరూ చూపించలేదు కదా?

విజయనగరం జంతుశాస్త్రం
మంచి ప్రశ్న, దీని మీద ఇప్పటికీ శాస్త్రవేత్తలు వాదించుకుంటూనే ఉన్నారు. పుల్ల దూర్చడం వంటి సులువైన పనులను ఏ చింపాంజీ అయినా సొంతంగా కనిపెట్టగలదని ఒక పక్షం. పక్కవారిని చూడడం దానికి తోవ చూపుతుందే తప్ప విద్యను ఇవ్వదని వారి వాదన. కాని 2024లో జాంబియాలోని చిమ్‌ఫున్షీ సంరక్షణ కేంద్రం నుంచి ఒక ప్రయోగం వచ్చింది. ఒక పెట్టె పెట్టారు. చెక్కబంతిని తెచ్చి, సొరుగును లాగి పట్టుకుని, బంతిని అందులో వేసి, సొరుగు మూస్తే వేరుశనగలు వస్తాయి. 66 చింపాంజీలకు మూడు నెలలు అందుబాటులో ఉంచినా ఒక్కటి కూడా కనిపెట్టలేకపోయింది. తర్వాత గుంపుకు ఒకటి చొప్పున రెండు చింపాంజీలకు మనుషులు నేర్పి, వాటిని తమ వారి మధ్యకు వదిలారు. వాటిని చూసి 14 నేర్చుకున్నాయి. తమంతట తాము కనిపెట్టలేని దాన్ని కూడా చూసి నేర్చుకోగలవన్నమాట.

సుల్తాన్ లాంటివారు ఉంటారు. కానీ సుల్తాన్ కనిపెట్టినది పక్కవాడికి అందకపోతే సుల్తాన్‌తోనే పోతుంది.

బొబ్బిలి వీణ
మరి మనిషి పిల్లకూ చింపాంజీ పిల్లకూ చూసి నేర్చుకోవడంలో తేడా లేనేలేదా?

విజయనగరం జంతుశాస్త్రం
ఉంది, అయితే మనం అనుకునే వైపు కాదు. 2005లో హార్నర్, వైటెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పెట్టెతో పరీక్షించారు. చూపించే మనిషి ముందు పెట్టె పైభాగంలో కర్రతో పొడుస్తాడు, తర్వాత ముందున్న తలుపు తీసి తిండి తీస్తాడు. పైన పొడవడం వల్ల ప్రయోజనమేమీ లేదు. పెట్టె నల్లగా, లోపల కనిపించకుండా ఉన్నప్పుడు చింపాంజీలు రెండు పనులూ చేశాయి. గాజులా పారదర్శకమైన పెట్టె ఇచ్చేసరికి పొడవడం వృథా అని గ్రహించి మానేశాయి, నేరుగా తలుపు తీశాయి. మూడు నాలుగేళ్ళ మనుషుల పిల్లలు మాత్రం కళ్ళెదుట వృథా అని కనిపిస్తున్నా పెద్దవాళ్ళు చేసినదంతా చేశారు.

పొందూరు మనవరాలు
అమ్మమ్మ పని మొదలుపెట్టే ముందు ఆ దవడను రెండు కళ్ళకూ అద్దుకునేది. నేను కూడా పళ్ళు రాలిన నా దవడను కళ్ళకద్దుకునే చెత్తపత్తి గీకేదాన్ని. పత్తి శుభ్రం కావడానికి దానితో పనిలేదు. ఇప్పుడు శస్త్రచికిత్స చేసే ముందు కూడా నా చేయి తెలియకుండానే కళ్ళ దాకా వెళ్ళి ఆగుతుంది.

ఉద్దానం గాలి
మీ అమ్మమ్మ తర్వాత ఆ దవడ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

పొందూరు మనవరాలు
నా దగ్గరే ఉంది, గాజు డబ్బాలో. మా వీధిలో అప్పట్లో ప్రతి అరుగు మీదా రాట్నం ఉండేది. మొన్న వెళితే మూడు లెక్కపెట్టాను, ముగ్గురూ డెబ్భై దాటినవారే. వారి పక్కన కూర్చున్న పిల్లలు లేరు.

విజయనగరం జంతుశాస్త్రం
ఆ మాట చింపాంజీలకూ వర్తిస్తుంది, ఇది రాస్తుంటే నాకు బాధగా ఉంది. బోసూలో 2003 చివర శ్వాసకోశ వ్యాధి వచ్చి ఐదు చింపాంజీలు చనిపోయాయి. అసలే ఇరవై కూడా లేని గుంపు, ఆ తర్వాత మరి కోలుకోలేదు. 2019లో ఆఫ్రికా అంతటా 144 గుంపుల్లో 31 రకాల అలవాట్లను పరిశీలిస్తే, మనుషుల తాకిడి ఎక్కువున్న చోట్ల ఆ అలవాట్లు కనిపించే అవకాశం 88 శాతం తగ్గిందని తేలింది. చెట్టు నరికితే చెట్టు పోవడం కంటికి కనిపిస్తుంది. పిక్క కొట్టడం తెలిసిన నలుగురు ముసలి ఆడ చింపాంజీలు పోతే ఏం పోయిందో అక్కడ ఉండి చూసినవారికే తెలుస్తుంది.

గజపతినగరం రైతు
మా పొలం మీద పడే గుంపులో ఒక ముసలి కోతి ఉంది, ఎడమ చెవి చిరిగింది. మిగిలినవన్నీ దాని వెనకే గట్టు దాటుతాయి. కరెంటు తీగ ఎక్కడుందో దానికి తెలుసు, పిల్లలు దాన్ని చూసే వంగి దూరుతున్నాయి. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టుకున్నాను. రేపు కొంచెంసేపు కూర్చుని చూస్తాను.

వంశధార మాస్టారు
మీ అందరి మాటలూ రెండుసార్లు చదివాను. సోమవారం తరగతిలో ముందుగా నేను చెప్పినది తొందరపాటని ఒప్పుకుంటాను. వెనక బెంచీ అమ్మాయిని పిలిచి, ఆమెకు ఇష్టమైతే, పొట్టు తీయడం చేసి చూపించమంటాను, మాట్లాడవద్దంటాను. మిగిలినవారు చుట్టూ కూర్చుని చూసి, తర్వాత తలా పది పప్పులు తీయాలి. ఎన్ని బద్దలవుతాయో లెక్కపెడతాం. ఆ తర్వాతే బోసూ గురించి, నీనా సుత్తి గురించి, కాంగో తల్లి చీల్చి ఇచ్చిన పుల్ల గురించి చెబుతాను.

పొందూరు మనవరాలు గారూ, వీలుంటే ఆ దవడ ఎముక ఫోటో ఒకటి ఇక్కడ పెట్టగలరా? పళ్ళు దగ్గరగా కనిపించేలా.

పొందూరు మనవరాలు
ఫోటో ఎందుకండీ, వచ్చే శనివారం నాకు పలాసలో పని ఉంది. దవడ, ఒక గుప్పెడు కొండపత్తి తీసుకుని వస్తాను. పిల్లలను ముట్టుకోనివ్వండి.

ఉద్దానం గాలి
సోమవారానికి జీడిపప్పు పొట్టుతో ఉన్నది రెండు కిలోలు మా ఇంటి నుంచి పంపుతాను. ఆరబెట్టినది ఇవ్వాలి, లేకపోతే పొట్టు రాదు. ఆ సంగతి అమ్మాయికి తెలిసే ఉంటుంది, అడగండి.